అరవై ఒకటో వాక్యం

జూన్ 3

చిరంజీవి అమ్మాయికి,

నాకు ఉద్యోగం వచ్చింది! నమ్మకం కలగకపోతే ఇంకోసారి చదువుకో. అరవై నాలుగేళ్ళ మీ నాన్నకి, మిల్లు మూసేశాక ఆరేళ్ళుగా మీ అమ్మ కాళ్ళకీ చేతులకీ అడ్డం పడుతున్న మీ నాన్నకి, ఉద్యోగం వచ్చింది తల్లీ! ఫోనులోనే చెబుదామనుకున్నాను. కానీ నేను నోరు తెరవగానే మీ అమ్మ ఫోను లాక్కుని సగం కథ తనే చెప్పేస్తుంది, అదీ తలకిందులుగా. అందుకే ఉత్తరం.

జరిగింది ఇదీ. మీ అమ్మ దవడ పన్ను చూపిద్దామని పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాం. ఐదంతస్తుల పాత భవనం. అందులో పాతకాలం లిఫ్టు, రెండు మడత ఇనుప తలుపులు, తిప్పడానికో పిడి. మేము ఎక్కగానే రెండో అంతస్తుకి మూరెడు కింద ఆగిపోయింది. ఒకటే కేకలు. నేను తలుపు పట్టా కేసి చూశాను. కీలులో చిన్న మేకు ఇరుక్కుంది. నలభై ఏళ్ళకి పైగా మగ్గాల కింద దూరి బతికినవాణ్ణి, నాకదో లెక్కా? మీ అమ్మ తలపిన్నుతో లాగేశాను. లిఫ్టు కదిలింది. అదే లిఫ్టులో భవనం యజమాని ఉన్నాడు! "పెద్దాయనా, దీన్ని నడిపేవాడు మానేసి నెలయింది. మీరొస్తారా?" అన్నాడు. మీ అమ్మ పన్ను సంగతి కూడా మర్చిపోయి "వస్తారు" అనేసింది, బుగ్గ పట్టుకునే.

మూడు నెలలు పరీక్షగా చూస్తారట. ఆగస్టు ఆఖరుకి ఖాయం చేయడమో, ఇంటికి పంపడమో. అక్కడి మేనేజరుగారికి నేనంత నచ్చినట్టు లేదు. "వచ్చేవాళ్ళు ఇంగ్లీషులో మాట్లాడతారు, ఈయనకేం అర్థమవుతుంది?" అన్నారు నా ముందే. నా చదువు ఐదో తరగతితో ఆగిందని నీకు తెలుసు. ఎవరు ఆపించారో కూడా తెలుసు. మీ పెదనాన్న ఇప్పటికీ నలుగురిలో "వీడికి చదువు అబ్బలేదు, అందుకే మిల్లులో పడేశాను" అంటాడు. అబ్బే లోపల మాన్పించిన సంగతి చెప్పడు.

నువ్వు బళ్ళో అంతమందికి ఇంగ్లీషు చెబుతున్నావు కదా, ఇంకొక్కడికి చెప్పు. ఉత్తరాల్లో చెప్పు, దాచుకుని పదిసార్లు చూసుకుంటాను. ఖాయమయ్యేదాకా మనవాళ్ళెవరికీ చెప్పకు. ముందే చాటింపు వేసుకుని తర్వాత ఇంటికి పంపేస్తే మొహం ఎక్కడ పెట్టుకోను?

ఆనందంతో అక్షరాలు వంకర పోతున్న
మీ నాన్న

జూన్ 10

నాన్నా,

సంతోషమే. కానీ ఒక్క మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకు. అరవై నాలుగేళ్ళ మనిషికి, దారిన పోతుంటే పిలిచి ఉద్యోగం ఇచ్చేవాళ్ళెవరు? ఏవైనా కాగితాల మీద సంతకం పెట్టావా? చదవకుండా పెట్టావా? ఆ లిఫ్టు పడిపోతే బాధ్యత నీదే అని ఎక్కడైనా రాసుందా? నడిపేవాడు ఎందుకు మానేశాడో అడిగావా? మొదటిరోజే నీ ముందు అలా మాట్లాడిన మేనేజరుని అస్సలు నమ్మకు. ఆయనో కన్ను నీ మీద వేస్తే నువ్వు రెండూ వెయ్యి.

ఇక పాఠం. వ్యాకరణం జోలికి పోవద్దు. ఒక్క క్రియ పట్టుకో: గెట్. లిఫ్టులో రోజూ వినపడేది అదే. దాని అర్థం ఒక్కటని చెప్పలేను, పక్కన ఏ మాట ఉంటే ఆ రంగు పూసుకుంటుంది. అందుకని ఓ చిన్న నోటుబుక్కు కొనుక్కో. మూడు గళ్ళు గియ్యి: ఎవరన్నారు, ఎప్పుడన్నారు, ఏమన్నారు. వాక్యం తెలుగు లిపిలోనే, విన్నది విన్నట్టు రాయి. ఎవరన్నారో, పొద్దున వస్తూ అన్నారో సాయంత్రం పోతూ అన్నారో తెలియకపోతే అర్థం చెప్పలేను. ప్రతి వాక్యానికీ అంకె వెయ్యి. శనివారం శనివారం నాకు పోస్టు చెయ్యి, పక్కన అర్థం రాసి పంపుతాను.

అక్కడెవరికీ చూపించకు. నవ్వుతారు.

నీ అమ్మాయి

జూన్ 22

చిరంజీవి అమ్మాయికి,

ఏం మాట చెప్పావు తల్లీ! ఇదొక మాట కాదు, మా మిల్లులో ఫిట్టరులాంటిది. ఏ మిషను ఆగినా వాణ్ణే పిలిచేవాళ్ళం. వారం రోజుల్లో ఇరవై మూడు దొరికాయి, కాగితం జత చేశాను.

ఎక్కేటప్పుడు గెట్ ఇన్. దిగేటప్పుడు గెట్ డౌన్. ఇంతవరకు బాగానే ఉంది. మూడో అంతస్తు బీమా ఆఫీసు కళ్ళజోడావిడ తుమ్మి "ఐ గాట్ ఎ కోల్డ్" అంది. జలుబు ఎక్కిందా, దిగిందా? పళ్ళ డాక్టరుగారు నర్సుతో "గెట్ మీ సమ్ వాటర్" అన్నారు. మేనేజరుగారు గడియారం చూసి "ఇట్స్ గెటింగ్ లేట్" అన్నారు. ఒకాయన పెళ్ళి కబురు చెబుతూ "షి గాట్ మ్యారీడ్" అన్నాడు. జలుబూ, నీళ్ళూ, పొద్దుపోవడం, పెళ్ళీ, అన్నీ ఒకే సంచిలోనా!

పిడి తిప్పుతూ ఆలోచించాను. మనం మాత్రం తక్కువా? జలుబు పట్టింది అంటాం, నిద్ర పట్టింది అంటాం, రైలు పట్టుకున్నాను అంటాం, పంతం పట్టాడు, బూజు పట్టింది, చెమట పట్టింది, నాలుగు రోజులు పట్టింది అంటాం. బయటివాడు మన భాష నేర్చుకోవాలంటే ఎంత ఏడవాలి! ఈ మాట మీ అమ్మతో చెబితే "మీకేదో పట్టింది" అంది.

ఒక్క సంగతి మాత్రం అంతుపట్టడం లేదు. మొదటి వారం లిఫ్టులో అందరూ గలగలా మాట్లాడేవాళ్ళు. ఇప్పుడు నేను చెవి వెనక పెన్సిలు తీయగానే నోళ్ళు మూతపడుతున్నాయి. నిన్న కళ్ళజోడావిడ డాక్టరుగారితో ఏదో అనబోయి, నా వైపు చూసి ఆపేసింది. నా నుంచి ఏదో దాస్తున్నారు.

ఇట్లు,
గెట్ పట్టిన మీ నాన్న

జూన్ 29

నాన్నా,

ఇరవై మూడింటికీ అర్థాలు రాశాను. జలుబు దిగలేదు, ఎక్కింది.

ఆ మూతపడే నోళ్ళ సంగతి నాకు నచ్చలేదు. నాకు తెలిసిన ఒక బళ్ళో ఇలాగే చేశారు. పరీక్షగా చూసే గడువు పూర్తయ్యే ముందు కొత్త టీచరుని ఏదో ఒక వంక పెట్టి పంపేశారు, ఖాయం చెయ్యాల్సొస్తుందని. మేనేజరు ఆ వంక వెతుకుతున్నాడని నా అనుమానం. అందుకని ఆయన ఏం మాట్లాడినా, గెట్ ఉన్నదల్లా వదలకుండా రాయి. గంటా నిమిషం కూడా వెయ్యి. రేపు అవసరమైతే మన దగ్గర ఉంటుంది.

అమ్మ పన్ను ఎలా ఉంది? నువ్వు రాయలేదు.

నీ అమ్మాయి

జూలై 20

చిరంజీవి అమ్మాయికి,

పన్ను పీకేశారు. పీకేటప్పుడు అరవలేదు గానీ, పీకాక ఆ పన్ను చూసి అరిచింది.

నువ్వు చెప్పినట్టే గంటా నిమిషం వేస్తున్నాను. యాభై తొమ్మిదోది కళ్ళజోడావిడ, పొద్దున పదీ ఇరవైకి: "ఐ గాట్ అప్ లేట్." అరవయ్యోది మేనేజరుగారు ఫోనులో, మధ్యాహ్నం మూడుకి: "ఐ కాంట్ గెట్ అవే టుడే, టెల్ హర్ ఐ యామ్ సిక్." మనిషి చూస్తే రాయిలా ఉన్నారు, ఏం జబ్బో పాపం.

తల్లీ, నన్నిక్కడ అందరూ వెలేశారు. ఇదివరకు లిఫ్టు కోసం తోసుకునేవాళ్ళు ఇప్పుడు మెట్లెక్కుతున్నారు. కళ్ళజోడావిడకి మోకాళ్ళ నొప్పులు. అయినా మూడంతస్తులూ "అమ్మా, అబ్బా" అంటూ ఎక్కుతోంది. నేను తలుపు తీసి "రండమ్మా" అంటే "వద్దులే బాబూ, ఒంటికి మంచిది" అంటుంది. డాక్టరుగారు ఎక్కినా గోడ వైపు తిరిగి నిలబడతారు. నా ఒంటి వాసనేమోనని అనుమానం వచ్చింది. మీ అమ్మనడిగితే తలనూనె మార్చింది. మూడు రోజులు చూశాను, ఎవరూ ఎక్కలేదు. సబ్బు మార్చింది. లాభం లేదు. ఇప్పుడు మీ అమ్మకే నా మీద అనుమానం. "ఈ వయసులో సెంటు సబ్బులూ, జేబులో నోటుబుక్కూ, శనివారం శనివారం లావుపాటి కవర్లూ! ఎవరికి?" అంటోంది. నీకే అంటే, "అమ్మాయికి నాతో చెప్పకుండా ఏం రాస్తారు?" అంటోంది. ఓసారి ఫోను చేసి చెప్పు.

అరవై ఒకటోది నాకసలు అందలేదు. జూలై 18, సాయంత్రం ఐదుంబావు, మేనేజరుగారు డాక్టరుగారితో: "వి మస్ట్ గెట్ రిడ్ ఆఫ్ ది ఓల్డ్ మాన్ బిఫోర్ ఆగస్ట్ ఎండ్స్." ఓల్డ్ మాన్ అంటే నేనే అని అర్థమైంది. నా వైపు చూస్తూనే అన్నారు, నాకు తెలియదన్న ధీమాతో. ఆగస్టు అంటే ఖాయం చేసే నెల. ఏదో మంచి మాటే అయ్యుంటుంది. త్వరగా రాయి.

వాసన లేని
మీ నాన్న

జూలై 26

నాన్నా,

అమ్మకి ఫోను చేసి చెప్పాను. నేను చెప్పింది కూడా పూర్తిగా నమ్మినట్టు లేదు.

అర్థాలు జత చేశాను. అరవై ఒకటోది అంత ముఖ్యమైన వాడుక కాదు, వదిలెయ్యి.

ఇంకో సంగతి. నువ్వు ఆ ఉద్యోగం మానేస్తే ఏం? మోకాళ్ళు నీకూ ఉన్నాయి. రోజంతా ఆ ఇనుప పెట్టెలో నిలబడ్డం దేనికి? మానేస్తున్నానని నువ్వే ముందు చెప్పెయ్యి. గౌరవంగా ఉంటుంది. అమ్మా నువ్వూ కొన్నాళ్ళు మా ఇంటికి రండి. ఈయన కూడా రమ్మంటున్నారు. ఆలస్యం చెయ్యకు.

నీ అమ్మాయి

ఆగస్టు 6

అమ్మాయికి,

చిరంజీవి అని రాయలేదని చూస్తున్నావా? కావాలనే రాయలేదు.

అరవై వాక్యాలకి అర్థం రాశావు. అరవై రెండుకి రాశావు. అరవై మూడుకి రాశావు. మధ్యలో ఒక్కటి ముఖ్యం కాదట! బళ్ళో పిల్లలకి కూడా ఇలాగే చెబుతావా? ఆ కింది పేరాలోనే ఉద్యోగం మానెయ్యమన్నావు. గౌరవంగా ఉంటుందన్నావు. నేను ఐదే చదివాను గానీ, పక్కపక్కన ఉన్న రెండు పేరాలు కలిపి చదవలేనంత మొద్దుని కాదు.

అయినా తొందరపడకూడదని ఆగాను. పోయిన వారం కళ్ళజోడావిడ ఫోనులో ఎవరితోనో గొడవ పడుతోంది: "గెట్ రిడ్ ఆఫ్ ది రాట్స్!" మర్నాడు బీమా ఆఫీసులోకి ఎలుకల మందు డబ్బాలు వచ్చాయి. నేనే లిఫ్టులో పైకి చేర్చాను. నాలుగో రోజు చచ్చిన ఎలుకలు కిందికి దిగాయి. వాటినీ నేనే దించాను.

అప్పుడు తెలిసింది నాకు, ఆ ఓల్డ్ మాన్‌ని ఏం చేయబోతున్నారో.

వాళ్ళ మీద నాకంత కోపం లేదు. వాళ్ళు పరాయివాళ్ళు. మా అన్నయ్య నా చదువు మాన్పించినప్పుడు కూడా "నీ మంచికే" అన్నాడు. నువ్వూ నా మంచికే దాచావు. నాకు తెలియాల్సింది ఎప్పుడూ నా మంచి కోరేవాళ్ళే దాస్తారెందుకు?

ఇంకొకటి. నోటుబుక్కు పోయింది. నిన్న మధ్యాహ్నం స్టూలు మీద పెట్టి నీళ్ళు తాగి వచ్చేలోపు మాయమైంది. సోమవారం పది గంటలకి పై అంతస్తుకి రమ్మని మేనేజరుగారి పిలుపు. నేనుగా మాత్రం మానను. పంపించేదేదో మొహం చూసి పంపించమను.

నాన్న

ఆగస్టు 9

నాన్నా,

తప్పే. పెన్ను పట్టుకుని గంటసేపు కూర్చున్నాను, వదిలించుకోవడం అన్న మాట నీ పేరు పక్కన రాయలేకపోయాను. నీకు బోధపడదనుకోవడం అంతకంటే పెద్ద తప్పు. పెదనాన్నతో నన్ను జత కట్టావు చూడు, ఆ దెబ్బకి నేను తగినదాన్నే.

కానీ ఆ నోటుబుక్కు సంగతి ఆలోచిస్తుంటే భయమేస్తోంది. ఎవరు, ఎప్పుడు, ఏమన్నారు. గంటా నిమిషంతో సహా! రాయమన్నది నేనే. చూసినవాళ్ళు ఏమనుకుంటారో నాకు ఇప్పుడు తడుతోంది. నాన్నా, వాళ్ళు నిన్నే అనుమానిస్తున్నారు. ఈ ఉత్తరం సోమవారం లోపు అందకపోతే ఎలా? నేను రాసిన అర్థాల కాగితాలన్నీ జేబులో పెట్టుకుని వెళ్ళు.

నీ అమ్మాయి

ఆగస్టు 14

చిరంజీవి, లక్ష సార్లు చిరంజీవి అయిన అమ్మాయికి,

ఖాయం! ఖాయమైపోయింది తల్లీ! నీ ఉత్తరం సోమవారం సాయంత్రం అందింది, అంతా అయిపోయాక. అయినా నీ కాగితాలు నా జేబులోనే ఉన్నాయి. జూన్ నుంచీ అక్కడే ఉన్నాయి, ఎప్పుడు తీశాను గనక?

వరసగా చెబుతాను. పై అంతస్తులో బల్ల చుట్టూ మేనేజరుగారు, డాక్టరుగారు, కళ్ళజోడావిడ. బల్ల మధ్యలో నా నోటుబుక్కు. నన్ను కూర్చోమనలేదు. కళ్ళజోడావిడ పేజీ తీసి చదివింది. "జూలై 16, పదీ ఇరవై, కళ్ళజోడావిడ, ఐ గాట్ అప్ లేట్. ఏమయ్యా, మూడు రోజులు ఆలస్యంగా వస్తే నిమిషాలతో సహా రాస్తావా? నీకు నేనేం అపకారం చేశాను?"

"నా ఫోను మాటలు కూడా రాశాడు" అన్నారు మేనేజరుగారు. "వంట్లో బాలేదని ఇంట్లో చెప్పమన్నది కూడా!"

అప్పుడు అర్థమైంది నాకు సబ్బు ఎందుకు పనిచేయలేదో.

"శనివారం శనివారం గేటు దగ్గర పోస్టు డబ్బాలో వేస్తున్నావు. అందరం చూశాం. ఎవరికి పంపుతున్నావు?" మేనేజరుగారే అడిగారు.

"మా అమ్మాయికండీ."

"మీ అమ్మాయి యజమానిగారి దగ్గర పనిచేస్తుందా?"

ఎంత మాట! యజమాని స్వయంగా పెట్టిన మనిషినని, పెన్సిలు పట్టుకుని చెవులు రిక్కించుకుని నిలబడతానని, నేను ఆయన చెవిలో వేసే మనిషినని తీర్మానించుకున్నారు. నేను జేబులోంచి నీ కాగితాలు తీసి బల్ల మీద పరిచాను. కళ్ళజోడావిడ కళ్ళజోడు సర్దుకుని పైకే చదివింది: "యాభై తొమ్మిది. ఐ గాట్ అప్ లేట్. ఆలస్యంగా నిద్ర లేచాను. పాపం, ఆవిడకి ఇంట్లో పని ఎక్కువేమో నాన్నా." తర్వాత "అరవై. ఐ కాంట్ గెట్ అవే. ఇక్కణ్ణుంచి కదలలేను. ఈయన అబద్ధం ఆడుతున్నాడు." డాక్టరుగారు ఫక్కున నవ్వారు. మేనేజరుగారు నవ్వలేదు.

"ఒక్క మాట నేర్చుకోవడానికా ఇదంతా!" అంది కళ్ళజోడావిడ. "నీ ఒక్క మాట కోసం నెల రోజులు మూడంతస్తులు ఎక్కాను కదయ్యా! నా మోకాళ్ళకి ఎవరు జవాబు చెబుతారు?"

అందరూ తేలికపడ్డారు. నన్ను కూర్చోమన్నారు కూడా. కానీ నేను కూర్చోలేదు. నోటుబుక్కు మేనేజరుగారి వైపు తిప్పి అరవై ఒకటి మీద వేలు పెట్టాను.

"దీనికి మా అమ్మాయి అర్థం రాయలేదండీ. మీరు చెప్పండి."

ఆయన చూశారు. మొహం పాలిపోయింది. కళ్ళజోడావిడ మెడ చాచి చదివింది. చదివి, "చెప్పండి సార్. పెద్దాయన అడుగుతున్నాడుగా" అంది.

"ఈ ముసలాయన్ని ఆగస్టు అయ్యేలోపు వదిలించుకోవాలి" అన్నారు మేనేజరుగారు బల్లకేసి చూస్తూ.

"నాకు తెలుసండీ. ఎలుకల వల్ల తెలిసింది. మా అమ్మాయి చెప్పలేకపోయింది. మీరు చెప్పగలరేమో చూద్దామని అడిగాను."

"పొరపాటు పడ్డాను పెద్దాయనా. గూఢచారి అనుకున్నాను" అన్నారాయన.

"ఒక్కసారి అడిగి ఉంటే నోటుబుక్కు నేనే చూపించేవాణ్ణండీ" అన్నాను. ఎవరికీ చూపించొద్దని నువ్వు రాసిన సంగతి చెప్పలేదు. తండ్రిని కదా, కొంచెం నేనూ దాస్తాను.

"పొరపాటు అయితే దిద్దుకోవడానికి నెలాఖరు దాకా ఎందుకు?" అంది కళ్ళజోడావిడ. ఆవిడే కాగితం తెచ్చింది, ఆవిడే పెన్ను మూత తీసి ఇచ్చింది. మేనేజరుగారు అక్కడికక్కడే ఖాయం కాగితం రాసి సంతకం పెట్టారు. నేను ముందు పూర్తిగా చదివి తర్వాత పెట్టాను, నువ్వు చెప్పావుగా.

ఇప్పుడు లిఫ్టు ఎక్కినవాళ్ళంతా తలో వాక్యం చెప్పి దిగుతున్నారు. రెండు రోజుల్లో నలభై వచ్చాయి, రాయలేక చస్తున్నాను. మేనేజరుగారు ఇవాళ దిగుతూ "యు గెట్ బెటర్ ఎవ్రీ డే" అన్నారు. నిజంగా అన్నారా, మంచి చేసుకోవాలని అన్నారా అని నాకింకా అనుమానమే. అర్థం రాసేటప్పుడు అది కూడా ఆలోచించి రాయి. అరవై ఒకటి పక్కన ఖాళీ గడిలో అర్థం నేనే నింపాను. పెద్ద అక్షరాలతో నింపాను.

ఇక చాటింపు వెయ్యి. ఎవరినీ మర్చిపోకు:

మీ పెద్దత్తకి ముందు చెప్పు, రెండో మనిషి ద్వారా తెలిస్తే ఏడాది మాట్లాడదు.
మీ మావయ్యకి. లిఫ్టు అంటే ఏమిటో మొదటినుంచీ చెప్పాలి, ఓపిక పట్టు.
మీ చిన్నాన్నకీ పిన్నికీ, ఇద్దరికీ విడివిడిగా. వాళ్ళు మాట్లాడుకోవడం లేదు.
మీ అత్తగారికీ మావగారికీ, అల్లుడుగారి చేత చెప్పించు.
మీ అమ్మకి నేను చెప్పాను. సెంటు సబ్బు ఇక వాడొద్దంది.
మీ పెదనాన్నకి మాత్రం నువ్వు చెప్పకు. నేనే ఉత్తరం రాశాను, ఇంగ్లీషులో, ఒక్క వాక్యం: ఐ గాట్ ది జాబ్. అర్థం కాక అది పట్టుకుని నీ దగ్గరికే వస్తాడు. దాచకుండా చెప్పు.